ఆఫ్‌లైన్ అయిన రెప్లికా ఎన్నాళ్ళలో తిరిగి రావాలి?

(డైరెక్టరీ సర్వర్ల నిర్వాహకుల సమావేశంలో చేసిన ప్రసంగానికి ఇది రాతప్రతి. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేయడం జరిగింది. తడబాట్లు తప్ప మరేదీ తీసివేయలేదు.)

మిత్రులందరికీ నమస్కారం. ఈ రోజు నేను ఒకే ఒక్క ప్రశ్న పట్టుకుని మాట్లాడదలచాను. మీరు నడుపుతున్న డైరెక్టరీలో, అంటే సంస్థలోని ఖాతాలు, పాస్‌వర్డుల వివరాలుండే చోట, ఒక రెప్లికా, అంటే ఆ సమాచారం కాపీ ఉన్న ఒక సర్వర్, ఈ రాత్రి ఆఫ్‌లైన్ అయిందనుకోండి. అది ఎన్నాళ్ళలో తిరిగి వస్తే మిగిలినవాటితో ఇబ్బంది లేకుండా కలిసిపోతుంది? ఎన్నాళ్ళు దాటాక దాన్ని లోపలికి రానివ్వకూడదు? ఈ ప్రశ్నకు మీ దగ్గర ఒక అంకె ఉందా? రోజుల్లో చెప్పగలరా? చెప్పగలిగినవారు ఒకసారి చేతులెత్తండి. సరే, కొన్ని చేతులే లేచాయి. మిగిలినవారు ఈ గదిలోంచి వెళ్ళేలోగా ఆ అంకె ఎక్కడ దొరుకుతుందో తెలుసుకోవాలని నా కోరిక.

ముందుగా నేపథ్యం క్లుప్తంగా చెబుతాను. మనం ఇవాళ వాడుతున్న డైరెక్టరీలకు మూలం 1988లో వచ్చిన ఎక్స్.500 ప్రమాణం. దాన్ని తేలిక చేసి మామూలు నెట్‌వర్కుల మీద నడిచేలా చేసిన ఎల్‌డాప్ అనే ప్రోటోకాల్ తొలి నిర్దేశం 1993లో ఆర్‌ఎఫ్‌సీ 1487గా వెలువడింది. అప్పటి నుంచి ఇప్పటి వరకు డైరెక్టరీ పని తీరు పెద్దగా మారలేదు. చదివేవారు చాలా ఎక్కువ, రాసేవారు చాలా తక్కువ. లాగిన్ అయ్యే ప్రతి మనిషీ, మెయిల్ పంపే ప్రతి ప్రోగ్రామూ డైరెక్టరీని ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. అందుకే ఒకే సమాచారాన్ని నాలుగైదు సర్వర్లలో పెట్టుకుంటాం. ఒకటి పడిపోయినా పని ఆగకూడదన్నదే అందులోని ఉద్దేశం.

ఇక్కడ ఒక విషయం గట్టిగా పట్టుకోవాలి, ఎందుకంటే తర్వాత చెప్పేదంతా దీని మీదే నిలబడుతుంది. మీరు ఒక రెప్లికాలో మార్పు చేసినప్పుడు అది తన డిస్కులో రాసుకోగానే మీకు ‘సరే’ అని జవాబిస్తుంది. మిగిలిన రెప్లికాలకు ఆ మార్పు చేరిందా లేదా అని ఆగి చూడదు. చేరవేయడం తర్వాతి పని. కొన్ని డేటాబేసుల్లో లాగా సగానికి పైగా సర్వర్లు ఒప్పుకుంటేనే రాత జరిగినట్టు అనే నియమం ఇక్కడ సాధారణంగా ఉండదు. ఎందుకు ఉండదు? ఒక రెప్లికా కనిపించకుండా పోవడం రోజూ జరిగే సంగతి అని ఈ వ్యవస్థలను రూపొందించినవారు మొదటే ఒప్పుకున్నారు కనుక. ప్యాచ్ వేసి రీబూట్ చేస్తాం, కరెంటు పోతుంది, లింకు తెగుతుంది, డిస్కు నిండుతుంది. వీటిలో ఏది జరిగినా మిగిలినవారి రాతలు ఆగకూడదు. ఆ సౌలభ్యానికి మనం చెల్లించే మూల్యం ఏమిటంటే, ఏ క్షణంలో చూసినా రెప్లికాలన్నీ ఒకేలా ఉంటాయన్న హామీ లేకపోవడం.

సరే, ఒక రెప్లికా పడిపోయింది. ఆ సంగతి మిగిలినవాటికి ఎలా తెలుస్తుంది? అది ఎవరు ఎవరిని పలకరిస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది. 389 డైరెక్టరీ సర్వర్ అనే సాఫ్ట్‌వేర్‌లో మార్పులు ఉన్నచోటు నుంచి లేనిచోటికి నెడతారు. సప్లయర్, అంటే మార్పులు పంపే రెప్లికా, కనెక్షన్ తెరవబోతుంది, కుదరదు, కాసేపాగి మళ్ళీ ప్రయత్నిస్తుంది. మొదట 3 సెకన్లు ఆగుతుంది, తర్వాత ఆ వ్యవధిని పెంచుకుంటూ పోయి గరిష్ఠంగా 300 సెకన్ల దగ్గర నిలబడుతుంది. ఓపెన్ఎల్‌డాప్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో పద్ధతి తలకిందులు. అక్కడ కన్స్యూమర్, అంటే మార్పులు అందుకునే రెప్లికాయే, ప్రొవైడర్ దగ్గరికి, అంటే వాటిని ఇచ్చేదాని దగ్గరికి వెళ్ళి మార్పులు అడిగి తెచ్చుకుంటుంది. ఎన్ని సెకన్లకొకసారి, ఎన్నిసార్లు ప్రయత్నించాలో మనం కాన్ఫిగరేషన్‌లో జతలుగా రాస్తాం. చివరి జతలో సంఖ్యకు బదులు ప్లస్ గుర్తు పెడితే ప్రయత్నాలు ఆగకుండా సాగుతాయి. ఆ ప్లస్ లేకపోతే లెక్క అయిపోగానే కన్స్యూమర్ ఊరుకుంటుంది. ప్రొవైడర్ తిరిగి లేచినా ఇది మాత్రం అడగదు. బయటికి అంతా బాగానే కనిపిస్తుంది, క్లయింట్లకు జవాబులు వెళుతూనే ఉంటాయి, కానీ అవి పాత జవాబులు. ఇంటికి వెళ్ళాక ఆ ఒక్క పంక్తి తెరిచి చూడమని మిమ్మల్ని కోరుతున్నాను.

మైక్రోసాఫ్ట్ వారి యాక్టివ్ డైరెక్టరీలో కూడా లాక్కునే పద్ధతే. దానికి తోడు నాలెడ్జ్ కన్సిస్టెన్సీ చెకర్ అనే భాగం మామూలుగా 15 నిమిషాలకొకసారి లేచి, ఎవరు ఎవరితో మాట్లాడాలో లెక్క వేసుకుంటుంది. చాలాసేపటి నుంచి పలకని డొమైన్ కంట్రోలర్ (అక్కడ రెప్లికాను అలా పిలుస్తారు) ఉంటే దాన్ని తప్పించి వేరే దారి గీస్తుంది.

క్లయింట్ల సంగతి త్వరగా చెప్పి దాటేస్తాను. సర్వర్ పూర్తిగా ఆగిపోతే క్లయింట్‌కు అప్పటికప్పుడే ‘కనెక్షన్ కుదరలేదు’ అని తెలుస్తుంది, అది జాబితాలో రెండో సర్వర్‌కు వెళుతుంది. చచ్చీ చావని సర్వర్‌తోనే అసలు యాతన. పోర్టు తెరుచుకుంటుంది, ప్రశ్న తీసుకుంటుంది, జవాబు మాత్రం రాదు. క్లయింట్‌లో టైమవుట్ పెట్టకపోతే రెండో సర్వర్ పక్కనే ఉన్నా ఉపయోగం లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. వెళ్ళిన రెప్లికా తిరిగి వచ్చింది. దానికి ఏం తెలుసో, ఏం తెలియదో ఎవరు చెప్పాలి? మిగిలినవారు దాని కోసం ఏం దాచి ఉంచాలి? 389 పద్ధతిని దగ్గరగా చూపిస్తాను. అక్కడ ప్రతి మార్పుకూ ఒక సంఖ్య ఇస్తారు, దాన్ని సీఎస్‌ఎన్ అంటారు. అది 20 హెక్సాడెసిమల్ అంకెల వరుస. ఈ తెర మీద చూడండి: 65000000000300020000. దీన్ని నాలుగు ముక్కలు చేయండి. మొదటి 8 అంకెలు, అంటే 65000000, మార్పు జరిగిన సమయం. దాన్ని మామూలు లెక్కలోకి మారిస్తే 1970 నుంచి 1694498816 సెకన్లు, అంటే 2023 సెప్టెంబరు 12, యూటీసీ ప్రకారం ఉదయం 6 గంటల 6 నిమిషాల 56 సెకన్లు. తర్వాతి 4 అంకెలు 0003. అదే సెకనులో జరిగిన మార్పులను వేరు చేసే వరుస సంఖ్య. తర్వాతి 0002 రెప్లికా ఐడీ, అంటే ఈ మార్పు పుట్టిన చోటు. చివరి 0000 ఒకే పని లోపలి ఉపభాగాల కోసం. చూశారా, ఎప్పుడు, ఏ వరుసలో, ఎక్కడ అన్న మూడూ ఆ ఒక్క సంఖ్యలోనే ఉన్నాయి. ఏ రెండు మార్పులను పక్కపక్కన పెట్టినా ఏది ముందో, ఏది వెనకో రెప్లికాలన్నీ ఒకే తీర్పు చెబుతాయి.

ప్రతి రెప్లికా దగ్గరా ఇంకొక చిన్న పట్టిక ఉంటుంది, దాన్ని ఆర్‌యూవీ అంటారు. ‘1వ నంబరు రెప్లికాలో పుట్టిన మార్పుల్లో ఇదిగో ఈ సీఎస్‌ఎన్ వరకు నాకు అందాయి, 2వ నంబరులో పుట్టినవి ఇంతవరకు, 3వ నంబరులో పుట్టినవి ఇంతవరకు’ అన్నదే ఆ పట్టిక సారాంశం. మూడు రెప్లికాలు ఉన్నాయనుకోండి. మూడోది ఉదయం పడిపోయింది, సాయంత్రం లేచింది. ఈలోగా మొదటిదాంట్లో 40 మార్పులు, రెండోదాంట్లో 15 మార్పులు జరిగాయి, అవి రెండూ వాటిని ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకున్నాయి. మూడోది లేవగానే మొదటిది వచ్చి ‘నీ ఆర్‌యూవీ ఏది?’ అని అడుగుతుంది. పోల్చి చూసుకుంటుంది. తనలో పుట్టిన 40తో పాటు, రెండోదాని నుంచి తనకు అందిన 15 కూడా పంపేస్తుంది. ఆ సమయంలో రెండో రెప్లికా తలుపు తడితే ఏమవుతుంది? ‘నేను పనిలో ఉన్నాను, తర్వాత రా’ అని జవాబు వస్తుంది, ఎందుకంటే ఒక రెప్లికాకు ఒకసారి ఒక్క సప్లయరే మార్పులు ఇవ్వాలన్నది నియమం. కాసేపటికి రెండోది మళ్ళీ వచ్చి ఆర్‌యూవీ చూస్తుంది, పంపాల్సింది ఏమీ మిగల్లేదని గమనించి వెళ్ళిపోతుంది. ఆ ‘పనిలో ఉన్నాను’ అన్న సందేశం లాగ్‌లో వరుసగా కనిపించగానే కంగారుపడి సర్వర్‌ను మళ్ళీ రీస్టార్ట్ చేసేవారు ఉన్నారు. దయచేసి చేయకండి. అది అందుకుంటోంది, అందుకోనివ్వండి.

యాక్టివ్ డైరెక్టరీలో ఇదే ఆలోచన వేరే రూపంలో ఉంటుంది. అక్కడ ప్రతి డొమైన్ కంట్రోలర్‌కు యూఎస్ఎన్ అనే సొంత లెక్క ఉంటుంది, ఏ మార్పు రాసుకున్నా అది ఒకటి పెరుగుతుంది. ‘నీ లెక్కలో ఇంతవరకు నేను చూశాను’ అని పక్కవాడు గుర్తుపెట్టుకుంటాడు. ఆ గుర్తు ఇన్వొకేషన్ ఐడీ అనే మరో గుర్తింపుతో ముడిపడి ఉంటుంది. ఈ ముడి సంగతి గుర్తుంచుకోండి, కాసేపట్లో అవసరమవుతుంది.

ఇంతవరకు మూడో రెప్లికా ఆగిపోయిందనే అనుకున్నాం. ఆగకపోతే? నెట్‌వర్కు మాత్రమే తెగి, అది తన వైపున్న క్లయింట్లకు యథావిధిగా సేవ చేస్తూ ఉంటే? నా దృష్టిలో రెండింటిలోకీ ఇదే ప్రమాదకరం. మీరు ఒక ఉద్యోగి ఖాతాను మొదటి రెప్లికాలో నిలిపివేశారు. తెగిపోయిన రెప్లికాకు ఆ కబురు అందలేదు. అటువైపు ఆ ఖాతాతో, ఆ పాత పాస్‌వర్డుతో లాగిన్ అవుతూనే ఉంటుంది. డైరెక్టరీ తన రూపకల్పన ప్రకారమే నడుస్తోంది, ఎక్కడా లోపం లేదు, అయినా తలుపు తెరిచే ఉంది. భద్రతకు సంబంధించిన మార్పు చేసిన రోజున రెప్లికాలన్నీ దాన్ని అందుకున్నాయో లేదో చూసుకోవడం ఆ మార్పులో భాగమేనని నేను నమ్ముతాను. ఖాతా నిలిపివేసి టికెట్ మూసేస్తే పని సగమే అయినట్టు.

తెగిపోయిన వైపు రాతలు కూడా జరిగి ఉండవచ్చు. లింకు కలవగానే రెండు వైపుల రాతలూ ఎదురుపడతాయి. ఒకే ఎంట్రీలో, అంటే ఒక మనిషికో ఖాతాకో సంబంధించిన నమోదులో, ఒకే విలువను ఇద్దరు మార్చి ఉంటే ఎవరి మాట నిలుస్తుంది? సీఎస్‌ఎన్‌లో ఎవరిది తర్వాతి సమయమో వారిది. తెగిపోయిన రెప్లికాలో సోమవారం మార్చిన ఫోన్ నంబరు శుక్రవారం బయటికి వచ్చింది, ఈలోగా బుధవారం ఇంకొకరు అదే నంబరును వేరేచోట మార్చారు అనుకోండి. బుధవారపు మార్పే నిలుస్తుంది. సోమవారం మార్చిన మనిషికి మాత్రం తన నంబరు దానంతటదే మారిపోయినట్టు కనిపిస్తుంది. ఒకే పేరుతో రెండు కొత్త ఎంట్రీలు రెండు వైపులా పుడితే, 389లో ఒకదాని పేరు ముందు దాని ప్రత్యేక ఐడీ చేర్చి పక్కన పెడతారు, యాక్టివ్ డైరెక్టరీలో పేరు వెనక సీఎన్‌ఎఫ్ అన్న గుర్తూ, ఐడీ చేరుస్తారు. ఇవి వాటంతటవి సర్దుకోవు. ఏది నిజమైనదో మనిషి చూసి తేల్చాలి.

ఈ తీర్పంతా గడియారం మీద ఆధారపడిందని మీరు గమనించే ఉంటారు. తిరిగి వచ్చిన యంత్రం గడియారం ముందుకు పరిగెత్తి ఉంటే, దాని ప్రతి రాతా అందరికంటే తాజాదిగా చెలామణీ అవుతుంది. 389లో ఈ తేడా ఒక రోజు దాటితే రెప్లికేషన్‌ను నిరాకరిస్తారు. ఆ లోపు తేడాను మాత్రం సర్దుకుపోతారు. కాబట్టి చాలాకాలం ఆగి ఉన్న యంత్రాన్ని ఆన్ చేసినప్పుడు మొట్టమొదట చూడవలసింది డైరెక్టరీ సేవను కాదు, గడియారాన్ని.

ఇప్పుడు మొదట అడిగిన అంకె దగ్గరికి వచ్చాం. తిరిగి వచ్చిన రెప్లికాకు మార్పులు పంపాలంటే ఆ మార్పులు పంపేవారి దగ్గర ఉండాలి కదా? అవి ఉండేది చేంజ్‌లాగ్‌లో, అంటే జరిగిన మార్పుల చిట్టాలో. చేంజ్‌లాగ్‌ను ఎప్పటికీ పెంచుకుంటూ పోలేం, డిస్కు సరిపోదు, అందుకే వయసు మీరినవాటిని కత్తిరిస్తారు. పత్రికాఫీసులో వారం రోజుల పాత సంచికలే దాచి ఉంచినట్టన్నమాట. అయిదు రోజులు లేనివారికి అన్నీ దొరుకుతాయి, పది రోజులు లేనివారికి మధ్యలో కథ తెగిపోతుంది. 389 కొత్త వెర్షన్లలో చేంజ్‌లాగ్ వయసుకు మామూలు అమరిక 7 రోజులు. తొలగించిన ఎంట్రీల ఆనవాళ్ళను ఉంచే గడువు 604800 సెకన్లు, అంటే అదీ 7 రోజులే.

ఎనిమిదో రోజున వస్తే? సప్లయర్ ఆ రెప్లికా ఆర్‌యూవీ చూస్తుంది, అక్కడి నుంచి మొదలుపెట్టాలని తన చేంజ్‌లాగ్‌లో ఆ సీఎస్‌ఎన్ కోసం వెతుకుతుంది, దొరకదు. అప్పుడు ‘కావలసిన సమాచారం చేంజ్‌లాగ్ నుంచి పోయింది, ఈ రెప్లికాను మళ్ళీ మొదటి నుంచి నింపాలి’ అన్న అర్థంలో లాగ్‌లో రాసి ఆగిపోతుంది. మధ్యలో ఖాళీ ఉన్న వరుసను పంపదు. చాలామందికి ఈ సందేశం చూస్తే చిరాకు. నాకైతే ఇది ఆ సాఫ్ట్‌వేర్ మనకు చేస్తున్న మేలు. తెలిసీ తప్పు కాపీని తయారు చేయడం కంటే ఆగిపోయి మనిషిని పిలవడమే సరైన పని.

అసలు ఇంత కఠినంగా ఎందుకుండాలి? పోయిన మార్పులను వదిలేసి, ఇప్పుడున్న ఎంట్రీలను పంపేస్తే సరిపోదా? ఈ ప్రశ్న మీలో కొందరికైనా వచ్చి ఉండాలి. కొత్తగా చేరిన ఎంట్రీలకు, మారిన ఎంట్రీలకు సరిపోతుంది. తొలగించినవాటికి సరిపోదు. లేని ఎంట్రీని ఎలా పంపుతారు? ‘ఇది ఉండేది, తీసేశాం’ అని చెప్పడానికి ఏదో ఒక గుర్తు మిగలాలి. అందుకే తొలగించిన ఎంట్రీని వెంటనే చెరిపేయకుండా టూంబ్‌స్టోన్‌గా మార్చి కొంతకాలం ఉంచుతారు. ఆ కాలమంతా అది ‘నేను పోయాను’ అని ప్రతి రెప్లికాకూ చెబుతూ ఉంటుంది. ఆ గడువు తీరాక దాన్నీ చెరిపేస్తారు. ఆ తర్వాత వచ్చే రెప్లికాకు ఆ మాట చెప్పేవారు ఎవరూ ఉండరు.

యాక్టివ్ డైరెక్టరీలో ఈ గడువు విండోస్ 2000 నాటికి 60 రోజులు. విండోస్ సర్వర్ 2003 మొదటి సర్వీస్ ప్యాక్ నుంచి కొత్తగా కట్టిన ఫారెస్ట్‌లకు, అంటే మొత్తం యాక్టివ్ డైరెక్టరీ వ్యవస్థలకు, 180 రోజులు చేశారు. ఇక్కడ జాగ్రత్తగా వినండి: పాత ఫారెస్ట్‌ను అప్‌గ్రేడ్ చేసుకుంటూ వచ్చినచోట ఆ విలువ దానంతటది మారదు. సర్వర్లన్నీ కొత్తవే అయినా గడువు మాత్రం ఇంకా 60 రోజులే అయి ఉండవచ్చు. మీది ఏదో ఊహించకండి, కాన్ఫిగరేషన్ పార్టిషన్‌లో ఆ విలువ చూడండి. అది ఖాళీగా ఉంటే 60 అని అర్థం.

ఒక ఖాతాను ఉదాహరణగా తీసుకుని ఈ ప్రమాదాన్ని చివరి వరకు వెంబడిద్దాం. గడువు 180 రోజులు. ఒక డొమైన్ కంట్రోలర్‌ను ఆపి పక్కన పెట్టారు. మర్నాడు ఒక ఖాతాను తొలగించారు. మిగిలిన కంట్రోలర్లలో అది టూంబ్‌స్టోన్ అయింది, 180 రోజులు గడిచాయి, చెరిగిపోయింది. 200వ రోజున ఎవరో ఆ పాత యంత్రాన్ని ఆన్ చేశారు. దానిలో ఆ ఖాతా నిక్షేపంగా, ప్రాణంతో ఉంది. దాన్ని తీసేయమని చెప్పేవారు లేరు. ఇప్పుడు ఆ యంత్రంలో ఎవరైనా ఆ ఖాతాలో చిన్న మార్పు చేశారనుకోండి. ఆ మార్పు పక్క కంట్రోలర్‌కు వెళుతుంది. పక్కదాని దగ్గర ఆ ఖాతాయే లేదు. అది ఏం చేయాలి? పాత, సడలించిన పద్ధతిలో అయితే ‘నా దగ్గర ఈ ఎంట్రీ లేదు, మొత్తం పంపు’ అని అడుగుతుంది. మొత్తం వస్తుంది, అక్కడి నుంచి అన్ని చోట్లకూ పాకుతుంది. ఆరు నెలల క్రితం తీసేసిన ఖాతా మళ్ళీ అందరి దగ్గరా బతికి కూర్చుంటుంది. కఠిన నియమం అమల్లో ఉంటే అలా జరగదు. 1988 నంబరు ఈవెంట్ రాసి, ఆ భాగానికి సంబంధించి ఆ యంత్రం నుంచి మార్పులు తీసుకోవడం ఆపేస్తుంది. గడువు దాటి వచ్చిన భాగస్వామిని గుర్తించినప్పుడు 2042 నంబరు ఈవెంట్ కూడా కనిపిస్తుంది. ఈ ఈవెంట్ చూసి, రెప్లికేషన్ నడవడమే ముఖ్యమనుకుని నియమాన్ని సడలించేవారు ఉన్నారు. ఆ పని చేయకముందు మిగిలిపోయిన ఎంట్రీలను వెతికి తీసేయాలి, రెప్‌అడ్మిన్ అనే విండోస్ పనిముట్టులో దానికి ప్రత్యేకమైన ఆదేశం ఉంది. ఇంకా మంచిది, ఆ యంత్రాన్ని డొమైన్ కంట్రోలర్‌గా తీసేసి, మళ్ళీ కొత్తగా చేర్చుకోవడం.

ఓపెన్ఎల్‌డాప్ ఈ చిక్కును వేరే విధంగా విప్పింది, ఆ పరిష్కారం నాకు చాలా ఇష్టం. 2006లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4533లో అది ఉంది. కన్స్యూమర్ తన దగ్గరున్న కుకీ చూపిస్తుంది, అంటే ఎంతవరకు అందుకుందో చెబుతుంది. ప్రొవైడర్ దగ్గర అంత పాత చిట్టా ఉంటే ఏవి తొలగించారో నేరుగా చెబుతుంది. లేకపోతే? అప్పుడు మారిన ఎంట్రీలను పూర్తిగా పంపుతుంది, మారనివాటికి ‘ఇది ఉంది, ఇది ఉంది’ అని ప్రత్యేక ఐడీలు మాత్రం వరుసగా చెబుతుంది. అంతా చెప్పడం అయ్యాక, తన దగ్గర ఉండి ఆ జాబితాలో రాని ప్రతిదాన్నీ కన్స్యూమర్ తొలగిస్తుంది. పోయినవాటి గుర్తులు దాచుకోనవసరం లేదు, ఉన్నవాటి హాజరు తీసుకుంటే చాలు. లక్షల ఎంట్రీలున్న డైరెక్టరీలో ఈ హాజరు ఖరీదైనదే, నెట్‌వర్కుకూ ప్రొవైడర్‌కూ భారమే. అయినా ఎంత ఆలస్యంగా వచ్చినా కన్స్యూమర్ తనంతట తానే సరైన స్థితికి చేరుకోగలదు. మారిన ముక్కలను మాత్రమే పంపే డెల్టా సింక్‌రెప్ల్ పద్ధతి వాడేవారికి కూడా యాక్సెస్ లాగ్ అనే మార్పుల చిట్టాలో కావలసింది దొరకనప్పుడు ఈ పూర్తి పద్ధతే ఆదుకుంటుంది. అయితే ఒక షరతు. ఆ కన్స్యూమర్‌లో విడిగా రాతలు జరగకుండా ఉండాలి. రెండు వైపులా రాతలు అనుమతించే అమరికలో ఈ ధైర్యం అంతగా చెల్లదు.

మళ్ళీ మొదటి నుంచి నింపాల్సి వచ్చినప్పుడు రెండు జాగ్రత్తలు చెబుతాను. మొదటిది, ఆ రెప్లికాలో పుట్టి ఇంకా బయటికి రాని మార్పులు. నింపడమంటే పాత డేటాబేసును పూర్తిగా తీసేసి కొత్తది పెట్టడమే. పడిపోవడానికి ముందు చివరి నిమిషంలో అక్కడ ఎవరైనా పాస్‌వర్డు మార్చి ఉంటే, అది ఇంకెక్కడా లేకపోతే, అది శాశ్వతంగా పోతుంది. అందుకని నింపే ముందు దాని ఆర్‌యూవీలో దాని సొంత ఐడీ ఎదుట ఉన్న సీఎస్‌ఎన్‌ను, మిగిలినవారి దగ్గర అదే ఐడీ ఎదుట ఉన్న సీఎస్‌ఎన్‌తో పోల్చండి. రెండూ ఒకటైతే నిశ్చింతగా నింపండి. తేడా ఉంటే ముందు ఎక్స్‌పోర్ట్ తీసుకుని, ఆ మార్పులేమిటో చూసి చేత్తో తిరిగి చేయండి. రెండోది, దిశ. ఎవరు ఎవరిని నింపుతున్నారు? అర్ధరాత్రి, నిద్రమత్తులో, రెండు టెర్మినళ్ళు పక్కపక్కన తెరిచి ఉన్నప్పుడు ఈ తప్పు జరగడానికి ఒక్క ఆదేశం చాలు. పాత కాపీ మంచి కాపీ మీదికి ఎక్కుతుంది. ఆదేశం ఇచ్చే ముందు ఏ యంత్రం పేరు ఎక్కడుందో పైకి చదవండి, పక్కన ఎవరైనా ఉంటే వారికి వినిపించేలా చదవండి.

ఇప్పుడు ఇన్వొకేషన్ ఐడీ ముడి దగ్గరికి వస్తున్నాను. తిరిగి వచ్చేవాటిలో అన్నింటికంటే మోసకరమైనది, వర్చువల్ మెషీన్ స్నాప్‌షాట్ (ఒకానొక క్షణంలో యంత్రం మొత్తం స్థితికి తీసిన కాపీ) నుంచి వెనక్కి తెచ్చిన డొమైన్ కంట్రోలర్. లెక్క చూడండి. దాని యూఎస్ఎన్ 4000 దగ్గర స్నాప్‌షాట్ తీశారు. అది 5000 వరకు వెళ్ళింది, పక్కవారు 5000 వరకు అందుకున్నారు. అప్పుడేదో చెడింది, స్నాప్‌షాట్‌కు వెనక్కి వెళ్ళారు. ఇప్పుడు అది మళ్ళీ 4000 నుంచి లెక్కపెడుతుంది. కొత్త ఖాతా చేర్చారు, దాని సంఖ్య 4001. పక్కవాడు ‘5000 తర్వాతివి ఏమైనా ఉన్నాయా?’ అని అడుగుతాడు. ‘లేవు’ అంటుంది. 4001 నుంచి 5000 వరకు చేసిన వెయ్యి కొత్త మార్పులూ ఎవరికీ చేరవు. 5001 నుంచి అన్నీ మామూలుగా సాగుతాయి, లాగ్ ప్రశాంతంగా ఉంటుంది, మధ్యలో వెయ్యి మార్పుల గొయ్యి మాత్రం అలాగే ఉండిపోతుంది. వెనక్కి జరిగిన సంగతిని విండోస్ పసిగడితే 2095 నంబరు ఈవెంట్ రాసి ఆ కంట్రోలర్‌ను పక్కకు తప్పిస్తుంది, కానీ పసిగట్టేలోపే లెక్క 5000 దాటిపోతే పట్టుకోవడం కష్టం. సరైన పద్ధతిలో బ్యాకప్ నుంచి పునరుద్ధరిస్తే ఇన్వొకేషన్ ఐడీ మారుతుంది. పక్కవారు దాన్ని కొత్త మూలంగా చూసి మొదటి నుంచి లెక్క మొదలుపెడతారు. విండోస్ సర్వర్ 2012 నుంచి, వర్చువల్ మెషీన్లను నడిపే హైపర్‌వైజర్ సహకరిస్తే, స్నాప్‌షాట్ వెనక్కి తిప్పినప్పుడు కూడా ఈ మార్పు దానంతటది జరిగే ఏర్పాటు వచ్చింది. మీ హైపర్‌వైజర్ దానికి సహకరిస్తుందో లేదో ముందే తెలుసుకోండి. టూంబ్‌స్టోన్ గడువు దాటిన బ్యాకప్ ఎంత సరైన పద్ధతిలో తీసినదైనా పనికిరాదు, దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఇక తిరిగి రానివాటి సంగతి. యంత్రం పోయింది, బాగు చేయడం కుదరదు. దాన్ని అలా వదిలేస్తే ఏమవుతుంది? సప్లయర్లు 300 సెకన్లకొకసారి జీవితాంతం దాన్ని పిలుస్తూనే ఉంటాయి. ప్రతి రెప్లికా ఆర్‌యూవీలో దాని ఐడీ ఉండిపోతుంది. పర్యవేక్షణ తెరమీద ఎప్పుడూ ఒక ఎర్ర గీత ఉంటుంది, మనం దానికి అలవాటు పడిపోతాం, ఒకనాడు నిజంగా పడిపోయిన రెప్లికా ఎర్ర గీత కూడా కంటికి ఆనదు. అందుకని వెళ్ళినదాన్ని శాస్త్రోక్తంగా సాగనంపాలి. 389లో ముందు దాని వైపు చూపే ఒప్పందాలన్నీ (ఎవరు ఎవరికి మార్పులు పంపాలో చెప్పే అమరికలు) తీసేయండి, ఆ తర్వాత క్లీన్ఆల్‌ఆర్‌యూవీ పని నడిపి దాని ఐడీని అన్ని చోట్లా చెరిపించండి. ఆ పని జరిగేటప్పుడు మిగిలిన రెప్లికాలన్నీ పలుకుతూ ఉండాలి. ఆ ఐడీని కొత్త రెప్లికాకు ఇవ్వకండి, 65534 వరకు సంఖ్యలున్నాయి, కొరత లేదు. యాక్టివ్ డైరెక్టరీలో అయితే దాని గురించి మిగిలిపోయిన మెటాడేటాను శుభ్రం చేయాలి, దాని దగ్గర ప్రత్యేక పాత్రలు ఉంటే ఇంకొకదానికి బలవంతంగా బదలాయించాలి. రిడ్ మాస్టర్ పాత్రను అలా లాక్కున్న తర్వాత ఆ పాత యంత్రాన్ని మళ్ళీ నెట్‌వర్కులోకి తేకూడదు. తెస్తే ఖాతాల ఐడీల కోసం 500 చొప్పున పంచే సంఖ్యలను ఇద్దరు పంచడం మొదలుపెట్టే ప్రమాదం ఉంది.

పర్యవేక్షణ గురించి ఒక మాట. సర్వర్ ప్రాసెస్ నడుస్తోందా, పోర్టు తెరిచి ఉందా అని చూడటం చాలదని ఇప్పటికి మీకు అర్థమై ఉంటుంది. చూడవలసింది చివరిసారి మార్పులు అందుకుని ఎంతసేపైందన్నది. ఓపెన్ఎల్‌డాప్‌లో రెండు వైపులా కాంటెక్స్ట్ సీఎస్‌ఎన్‌ను, అంటే ఎంతవరకు అందిందో చెప్పే గుర్తును, చదివి పోల్చండి, యాక్టివ్ డైరెక్టరీలో రెప్‌అడ్మిన్ సారాంశం తీయండి, 389లో ఒప్పందం స్థితిని చదవండి. ఆ ఎడబాటు ఒక గంట దాటితే ఒక హెచ్చరిక, మీ గడువులో మూడో వంతు దాటితే ఎవరినైనా నిద్రలేపే హెచ్చరిక పెట్టుకోమని నా సలహా. గడువు 7 రోజులైతే రెండు రోజులు దాటగానే మోగాలి. పండగ సెలవులు వారం సాగే చోట 7 రోజుల గడువు నాకు చాలా తక్కువ అనిపిస్తుంది, డిస్కు ఉంటే పెంచండి. పెంచేటప్పుడు చేంజ్‌లాగ్ వయసునూ, టూంబ్‌స్టోన్ గడువునూ కలిపి పెంచండి, ఒకదాన్ని పెంచి ఇంకొకదాన్ని మరిచిపోతే పొట్టిగా ఉన్నదే మీ అసలు గడువు అవుతుంది. అన్ని రెప్లికాల్లోనూ ఒకే విలువ పెట్టండి.

విరామంలో ఒకరు చీటీ మీద ఒక ప్రశ్న రాసి ఇచ్చారు: ‘మా దగ్గర రెండే రెప్లికాలు ఉన్నాయి, ఒకటి పోతే ఏం చేయాలి?’ మంచి ప్రశ్న. ఒకటి పోయిన క్షణం నుంచి రెండోదాని డిస్కులో ఉన్నదే మీ డైరెక్టరీ మొత్తం. అందుకని పోయినదాన్ని బాగు చేయాలన్న తొందరలో నేరుగా దాని జోలికి వెళ్ళకండి. ముందు బతికున్నదాని బ్యాకప్ తీసి వేరే యంత్రంలో పెట్టండి. తర్వాత పోయినదాన్ని లేపండి, గడియారం సరిచూడండి, క్లయింట్లు దాని దగ్గరికి రాకుండా లోడ్ బ్యాలన్సర్‌లో పక్కన ఉంచండి. గడువులోగా వచ్చి ఉంటే అందుకోనివ్వండి, దాటి ఉంటే బతికున్నదాని నుంచి నింపండి. రెండు ఆర్‌యూవీలూ సమానమయ్యాక బతికున్నదాంట్లో ఒక పరీక్ష ఎంట్రీలో మార్పు చేసి అది ఇటు వచ్చిందో చూడండి, ఇక్కడ ఇంకో మార్పు చేసి అటు వెళ్ళిందో చూడండి. రెండూ సరిగ్గా జరిగితేనే లోడ్ బ్యాలన్సర్‌లో దాన్ని తిరిగి చేర్చండి.